ఎఫ్/0.95 మాహాత్మ్యం

వ్రతకథ చివర ఫలశ్రుతి ఉంటుంది. కథ విన్నవారికి అప్పులు తీరతాయి, సంతానం కలుగుతుంది, పోయిన ఆవు ఇంటికొస్తుంది. కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొన్న కుర్రవాడికి మాత్రం ఫలశ్రుతి ముందే వినిపిస్తుంది. ఎఫ్/0.95 లెన్సు తగిలించుకున్నవాడికి చీకట్లో వెలుతురు దొరుకుతుంది, వీడియోకు సినిమా కళ వస్తుంది, ప్రీవెడ్డింగ్ షూట్‌కు రేటు పెరుగుతుంది. కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఫోకస్ రింగు తిప్పేటప్పుడు.

ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది, లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది, ఫోకస్‌లో లేనిదంతా అంత ఎక్కువగా మసకబారుతుంది. ఇంతవరకు భౌతికశాస్త్రం. ఇక్కణ్ణుంచి భక్తి.

ఈ సంఖ్యకు పెద్ద వంశమే ఉంది. 1961లో కానన్ తన రేంజ్‌ఫైండర్ కెమెరా కోసం 50 మి.మీ. ఎఫ్/0.95 లెన్సు తెచ్చింది. 2008లో లైకా నాక్టిలక్స్ ఆ సంఖ్యకే చేరింది. ఇవాళ దాని ధరకు షోరూమ్‌లో కారు వస్తుంది. 2019లో నికాన్ తన జెడ్ కెమెరాలకు 58 మి.మీ. నాక్ట్ ఇచ్చింది: రెండు కిలోల బరువు, ఎనిమిది వేల డాలర్లు, ఆటోఫోకస్ లేదు. ఇవన్నీ గొప్పింటి వస్తువులు. సామాన్యుడు అద్దాల బీరువా అవతల నిలబడి దండం పెట్టుకోవలసినవి.

ఆ అద్దం పగలగొట్టింది చైనా. షెన్‌యాంగ్‌కు చెందిన ఝోంగ్‌యీ కంపెనీ 2014లో మిటాకాన్ స్పీడ్‌మాస్టర్ 50 మి.మీ. ఎఫ్/0.95ను సోనీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకు, లైకాతో పోలిస్తే చిల్లర అనిపించే ధరకు ఇచ్చింది. తర్వాత సెవెన్ ఆర్టిజన్స్, టీటీ ఆర్టిజన్, లావా వరస కట్టాయి. మిర్రర్‌లెస్ కెమెరాలో అద్దం ఉండదు కాబట్టి లెన్సు సెన్సరుకు దగ్గరగా కూర్చోగలదు. ఫోకస్ ఎక్కడ పడిందో తెర మీద పెద్దది చేసి చూసుకోవచ్చు. మోటారు లేదు, చిప్ లేదు, ఖర్చంతా గాజు మీదా లోహం మీదా. ఇప్పుడు చిన్న సెన్సరు కెమెరాలకు ఇలాంటి లెన్సు ఇరవై పాతిక వేల రూపాయల దరిదాపుల్లో ఇంటికొచ్చేస్తుంది. బరువుగా, చల్లగా, చెక్కిన అంకెలతో అందంగానే ఉంటుంది. చేతిలోకి తీసుకున్నవాడు ముందు దాన్నే ఫొటో తీస్తాడు, ఫోన్‌తో.

ఇక లెక్క. ఈ చవక లెన్సుల్లో చాలా భాగం ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సరు కోసం చేసినవి. ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చాలంటే లెన్సు ఫోకల్ పొడవును ఒకటిన్నరతో గుణించాలని కుర్రవాడికి తెలుసు. 35 మి.మీ. అంటే 52 మి.మీ. అని గడగడా చెబుతాడు. అదే ఒకటిన్నరతో 0.95ను కూడా గుణించమంటే మొహం చిట్లిస్తాడు. గుణిస్తే 1.4 వస్తుంది మరి. అంటే అతని ఎఫ్/0.95 ఇచ్చే మసక, ఫుల్‌ఫ్రేమ్ మీద 50 మి.మీ. ఎఫ్/1.4 ఇచ్చే మసక, రెండూ ఒకటే. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో ఈ గుణకం రెండు. 2010లో వచ్చిన ఫోక్ట్‌లాండర్ 25 మి.మీ. ఎఫ్/0.95 అక్కడ 50 మి.మీ. ఎఫ్/1.9 లాంటి చిత్రమే ఇస్తుంది. అలాంటి చిత్రాన్ని కానన్ వారి 160 గ్రాముల ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 తనంతట తానే ఫోకస్ చేసుకుని మరీ ఇస్తుంది. పొడవుకు గుణకారం వర్తిస్తుందట, ఎఫ్ సంఖ్యకు మడి కట్టారట.

మసక సంగతి సరే, వెలుతురో అంటారు. ఎక్స్‌పోజర్ వరకు ఎఫ్/0.95 ఎక్కడైనా ఎఫ్/0.95 అన్నది నిజమే. ఎఫ్/1.4తో పోలిస్తే దాదాపు రెట్టింపు వెలుతురు, అంటే ఒక స్టాప్. ఐఎస్ఓను 3200 నుంచి 1600కు దించుకోగలిగినంత లాభం. ఆ రెండింటి మధ్య నాయిస్ తేడాను ఇప్పటి కెమెరాల్లో పట్టాలంటే ఫొటోను తెర మీద రెండు వందల శాతానికి పెంచి, భూతద్దం కూడా తెచ్చుకోవాలి. పైగా అంత వెడల్పు లెన్సు అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలన్నీ సెన్సరు గుంటల్లోకి దిగవు. డీఎక్స్ఓ సంస్థ కొలతలు 2010లోనే ఈ నష్టాన్ని బయటపెట్టాయి. కొత్త సెన్సర్లలో అది తగ్గిన మాట వాస్తవం. కానీ కొన్న వెలుతురులో కొంత దారిలోనే ఒలికిపోతుందన్న మాట ఏ పెట్టె మీదా అచ్చు కాదు.

ఈ చోటికి రాగానే భక్తుడు ప్రమాణగ్రంథం తెరుస్తాడు: స్టాన్లీ కుబ్రిక్, ‘బ్యారీ లిండన్’, 1975. కొవ్వొత్తుల వెలుగులో తీసిన సన్నివేశాలు. నాసా చంద్రయాత్రల కోసం జైస్ కంపెనీ పదే పది తయారు చేసిన 50 మి.మీ. ఎఫ్/0.7 ప్లానార్ లెన్సుల్లో మూడు కుబ్రిక్ కొన్నాడు. ఆ లెన్సు పట్టేలా మిచెల్ కెమెరాను కోసి మార్పించాడు. ఆ సినిమాకు ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్‌కు ఆస్కార్ వచ్చింది. అంతా నిజం. ఆ గదిలో జరిగిన మిగతా సంగతులు మాత్రం ప్రవచనంలో రావు. నటులు కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. ఫోకస్ చూసే సహాయకుడికి తోడుగా కెమెరాకు లంబకోణంలో ఒక వీడియో కెమెరా పెట్టి, నటుడు అంగుళం ముందుకు వాలాడా వెనక్కి వాలాడా అని తెర మీద కొలుస్తూ కూర్చున్నారు. ముందే సిద్ధమైన ఒక పెద్ద యూనిట్, జీతం తీసుకుని ఆ పని చేసింది. మన భక్తుడికి ఆ యూనిట్ అంతా కలిపి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు.

ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. కుబ్రిక్ వాడిన ఫిల్ము వేగం 100. డెవలప్ చేసేటప్పుడు ఒక స్టాప్ పెంచి దాన్ని 200 చేసుకున్నారు. అంతకు మించి గతి లేదు కాబట్టి ఎఫ్/0.7 కావాల్సి వచ్చింది. ఇవాళ ఓ మామూలు మిర్రర్‌లెస్ కెమెరా ఐఎస్ఓ 6400 దగ్గర శుభ్రంగా పనిచేస్తుంది. 200 నుంచి 6400కు ఐదు స్టాపులు. ఎఫ్/0.7 నుంచి ఐదు స్టాపులు మూసుకుంటూ పోతే ఎఫ్/4 దగ్గర ఆగుతాం. అంటే ఆ కొవ్వొత్తుల గదిలోకి ఇవాళ ఎవరైనా కెమెరా పట్టుకెళ్తే, ఎక్స్‌పోజర్ కోసం నాసా లెన్సు అక్కర్లేదు. కెమెరాతో పాటు వచ్చి, విప్పిన రోజే అవమానంతో అలమారాలోకి వెళ్లిన ఆ ప్లాస్టిక్ కిట్ లెన్సు ఎఫ్/3.5 దగ్గర సరిపోతుంది.

చీకట్లో వెలుతురు అంటే మన సినిమాలోనే పాఠం ఉంది. ‘మాయాబజార్’ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చూపించిన వెన్నెలను ఇప్పటికీ ఆయన పేరుతోనే తలుచుకుంటారు. ఆ వెన్నెలను ఆయన వెలుతురును దిద్ది సృష్టించాడు. వెలుతురును ఎలా దిద్దాలో తెలియనప్పుడు లెన్సు ఎంత తెరిచినా దక్కేది తెరిచిన లెన్సే.

పగటిపూట కథ మరీ సొగసు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/16 పెడితే షటర్ సెకనులో వందో వంతు చాలునని పాత ఫొటోగ్రాఫర్ల లెక్క. ఎఫ్/1కి తెరిస్తే ఎనిమిది స్టాపులు ఎక్కువ. షటర్ సెకనులో పాతిక వేలో వంతుకు వెళ్లాలి. చాలా కెమెరాల మెకానికల్ షటర్ నాలుగు వేల దగ్గరో ఎనిమిది వేల దగ్గరో ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ షటర్‌కు మారితే కదిలే వస్తువులు వంకర్లు పోయే ప్రమాదం. పరిష్కారం కూడా భక్తమండలి దగ్గరే ఉంది: లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే నల్లద్దం, బిగించుకోవడం. వెలుతురు కోసం డబ్బు పెట్టి లెన్సు కొని, ఆ వెలుతురును ఆపడానికి మళ్లీ డబ్బు పెట్టి నల్లద్దం కొంటారన్న మాట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నవాడు ఫిల్టర్ల దుకాణం పెట్టి ఉండడు.

అసలు విషాదం పెళ్లిపందిట్లో.

ఫుల్‌ఫ్రేమ్ మీద 50 మి.మీ. లెన్సును ఎఫ్/0.95కి తెరిచి మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా ఉండే లోతు రెండు సెంటీమీటర్ల పైచిలుకు. కనురెప్ప నుంచి చెవి దాకా కూడా కాదు. రెండు మీటర్ల దూరానికి జరిగితే తొమ్మిది సెంటీమీటర్లు. ఊపిరి తీసుకునే మనిషి ముందుకూ వెనక్కూ ఊగే ఊపులోనే ఈ లోతు సగం ఖర్చవుతుంది. కెమెరా పట్టుకున్నవాడి ఊపిరి దీనికి అదనం. వధూవరులు పీటల మీద ఒకే గీత మీద శిల్పాల్లా కూర్చుంటే తప్ప ఇద్దరూ ఒకే ఫొటోలో స్పష్టంగా ఉండరు.

కాని గట్టిమేళం ఫోకస్ కోసం ఆగదు. జీలకర్ర బెల్లం పెడతారు, తెర తీస్తారు, మూడు ముళ్లు పడతాయి, తలంబ్రాలు ఎగురుతాయి. ఈలోగా మన ఫొటోగ్రాఫరు రింగు తిప్పుతుంటాడు. ఫోకస్ పడిన అంచులకు రంగు పూసి చూపించే ఫోకస్ పీకింగ్ పెట్టుకున్నాడు కాబట్టి తెర మీద ఎర్ర చుక్కలు కనిపిస్తున్నాయి. లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు అంచులు మెత్తగా, కాంట్రాస్ట్ తక్కువగా ఉండడంతో ఆ చుక్కలు కంటి మీదా, బాసికం మీదా, వెనకున్న పూలదండ మీదా ఒకేసారి వెలుగుతాయి. కచ్చితంగా చూసుకోవాలంటే చిత్రాన్ని పెద్దది చేయాలి. పెద్దది చేస్తే పెళ్లికూతురి కనుబొమ్మ తప్ప పెళ్లి కనిపించదు. ఆల్బమ్‌లో చివరికి తేలేది ఇదీ: మొదటి ముడిలో ముక్కుపుడక అద్భుతం, రెండో ముడిలో బాసికం అద్భుతం, మూడో ముడిలో పురోహితుడి చెవి అద్భుతం. “అమ్మాయి కళ్లు మసగ్గా ఉన్నాయేంటి బాబూ?” అని పెళ్లికూతురి తండ్రి అడిగితే, “అది సినిమాటిక్ లుక్ అంకుల్” అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఇందులో కొసమెరుపు ఒకటుంది. ఈ కెమెరాలను ఆ ధర పెట్టి కొనిపించిన ప్రధాన గుణం ఐ ఆటోఫోకస్. మనిషి కంటిని, పిల్లి కంటిని, కొన్నింటిలో పక్షి కంటిని కూడా వెతికి పట్టుకుని వదలని యంత్రం. లక్ష పెట్టి దాన్ని కొని, పాతికవేలు పెట్టి దాన్ని నిద్రపుచ్చుతారు. చిప్ లేని లెన్సు తగిలించాక తనకు లెన్సే లేదనుకుంటుంది కెమెరా. కొన్నింటిలో మెనూలోకి వెళ్లి, లెన్సు లేకపోయినా షటర్ నొక్కనివ్వమని బతిమాలుకోవాలి. చేతి వణుకును అదుపు చేసే వ్యవస్థకు లెన్సు పొడవెంతో చేత్తో టైపు చేసి చెప్పాలి. ఇంత చేశాక, ఏ సంఖ్య కోసం ఈ శ్రమంతా పడ్డారో ఆ 0.95 అన్నది ఫొటో ఫైల్లో ఎక్కడా నమోదు కాదు. అందుకే కింద వ్యాఖ్యలో రాసుకోవాల్సి వస్తుంది.

మాన్యువల్ ఫోకస్ నెమ్మది నేర్పుతుంది, పాత మహానుభావులంతా అలాగే తీశారు అంటారు. తీశారు, వేరే దారి లేక. వీధుల్లో తిరిగిన పాతకాలపు ఫొటోగ్రాఫర్లకు ఇష్టమైన పద్ధతి ఏమిటంటే, 35 మి.మీ. లెన్సును ఎఫ్/8కి మూసి, దూరాన్ని మూడు మీటర్ల దగ్గర ముందే పెట్టేసుకోవడం. సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఆ తర్వాత వాళ్లు రింగును మరిచిపోయి మనుషుల్ని చూసేవారు. మన భక్తుడు మనుషుల్ని మరిచిపోయి రింగును చూస్తున్నాడు.

ఇక ఆ మసక దేన్ని మింగుతోందో కూడా చూడాలి. కడప జిల్లా గండికోట దాకా బండి కట్టుకుని వెళ్లి, పెన్నా లోయ అంచున జంటను నిలబెట్టి, లోయనంతా గోధుమరంగు పేస్టు చేసి తెస్తారు. వరంగల్ కోటలో కాకతీయ తోరణం ముందు తీసినా అంతే; తోరణం స్థానంలో ఏదో నిలువుగా ఉందని మాత్రం తెలుస్తుంది. పెట్రోలు ఖర్చు ఎందుకు, ఇంటి పెరట్లో తడికె ముందు తీసినా ఇదే వస్తుందని ఎవరూ చెప్పరు. రాజా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, గాజుపలకల మీద తీసిన చిత్రాల్లో మనిషితో పాటు స్తంభాలు, తివాచీలు, వేలాడే దీపాలు ఉంటాయి. అందుకే అవి ఇవాళ చరిత్రకు పనికొస్తున్నాయి. ఈ తరం పెళ్లిఫొటోలు నూరేళ్ల తర్వాత దొరికితే, అప్పటివాళ్లు తెలుగునేలంతా పొగమంచు కమ్మి ఉండేదని రాసుకుంటారు కాబోలు.

లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే వస్తువుల అంచుల్లో ఊదారంగు పొర వస్తుంది, మూలల్లో దీపాలు పిల్లికళ్ల ఆకారంలోకి మారతాయి, చిత్రం మొత్తం మీద పాలపొర కమ్ముతుంది. అదే లోపం కంపెనీ కిట్ లెన్సులో వస్తే సర్వీస్ సెంటర్‌కు పరుగు. ఇక్కడైతే దాని పేరు ‘క్యారెక్టర్’. ఈ లెన్సులు చాలా వరకు ఎఫ్/2, ఎఫ్/2.8కి మూస్తే కుదుటపడి పదునుగా తీస్తాయన్నదీ నిజం. కాకపోతే ఎఫ్/2 దగ్గర వాడటానికి ఎఫ్/2 లెన్సులే ఉన్నాయి, సగం బరువులో, ఆటోఫోకస్‌తో.

ఇందులో లెన్సు తప్పేం లేదు. నిద్రపోతున్న పసిపాప, బల్లమీద దీపం, కదలమన్నా కదలని వస్తువులు, కాస్త తీరిక ఉన్నవాడు సరదాగా వాడుకుంటే ఆ డబ్బుకు దక్కే ఆనందం తక్కువేమీ కాదు. ఇంజినీర్లు యాభై ఏళ్లకు పైగా శ్రీమంతులకే దక్కిన గాజును అందరి చేతికీ తెచ్చారు; అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. తంటా అంతా దాన్ని పనిముట్టుగా కాక పట్టాగా అమ్ముతున్న ప్రవచనకారులతోనే.

కాబట్టి కొనబోయేవారికి ఒక మనవి. ఎవరైనా 0.95తో తీసిన అద్భుతం చూపిస్తే మెచ్చుకోండి. మెచ్చుకున్నాక, అదే నిమిషంలో దానికి ముందూ వెనకా తీసిన ఇరవై ఫొటోలు కూడా చూపించమని అడగండి. పెళ్లికి ఫొటోగ్రాఫరును మాట్లాడుకునేవారైతే బేరం కుదిరేముందే ఇంకొకటి అడగండి: ముళ్లు పడే వేళకు కెమెరాకు ఏ లెన్సు తగిలిస్తావు బాబూ అని.