దుబాయి బాపు కట్టిన గది

సిరిసిల్ల నుంచి కామారెడ్డి పోయే తొవ్వలో మా ఎల్లారెడ్డిపేట. ఇక్కడ వాడకొక దుబాయి బాపు ఉంటాడు. కొందరు ఉండేది మస్కట్‌లో, కొందరు బహ్రెయిన్‌లో. అయినా పేరు దుబాయే. రెండేళ్లకోసారి రెండు నెలల చుట్టీ. ముందు కార్గో డబ్బా వస్తుంది, దాని వెనక సెంటు వాసన, ఆ వెనక మనిషి. పాతకాలపు బాపులు ఆ పైసలతో చెల్లె పెండ్లి చేశారు, బోరు వేయించారు. కొత్త బాపు కొడుక్కి గది కట్టించాడు.

షేకుల విల్లాల్లో ఏసీలు బిగించబోయినప్పుడు పిల్లల గదులు చూశాడట. కప్పు మీద చుక్కలు, కారు లెక్క మంచం. "ఆడి పోరగాండ్లకు గసొంటి రూములున్నయ్ సారూ, గందుకే గంత తెలివి" అన్నాడు నాతో. ఆ పిల్లల తెలివిని ఆయన ఎప్పుడు కొలిచాడో అడగలేదు.

గది ఐమో వీడియో కాలులో లేచింది. ఆయనున్న చోట వాట్సాప్ కాలు కలవలేదు మరి. రంగులేసే రోజున "లేత నీలం వేయి, పసుపు మాత్రం అస్సలు..." అన్న దగ్గర బొమ్మ ఆగిపోయింది. మేస్త్రి చెవిన పడింది పసుపొక్కటే. నాలుగు గోడలూ పెండ్లికూతురి కాళ్లయ్యాయి.

వాస్తు పంతులు చదువుకునే బల్లను తూర్పు మొఖాన పెట్టించాడు. తూర్పున కిటికీ, కిటికీ అవతల పిల్లలు గోలీలాడే జాగ. ధ్యాస పోతుందని కిటికీకి మేకులు కొట్టించారు.

వడ్లాయన ఫోన్లో బొమ్మలు చూపించి, మీదొకటి కిందొకటి ఉండే మంచం ఇప్పుడు పట్నంలో బాగా నడుస్తుందన్నాడు. ఐమోలో బాపు మొఖం మారింది. "పదకొండేండ్ల సంది క్యాంపుల గా మీది మంచం మీదనే పంటున్న. లేస్తె నెత్తి కప్పుకు తాకుతది. నా కొడుక్కు గసొంటి మంచం వద్దు." ఆ గది విషయంలో ఆయన అంత గట్టిగా వద్దన్నది అదొక్కటే.

చుట్టీకి వచ్చాక నన్ను పిలిచి చూపించాడు. కప్పు మీద చుక్కలు, కారు లెక్క మంచం, అచ్చం ఆ విల్లాల్లో లెక్కనే. బొమ్మల అరలు నా తలకన్నా పైనున్నాయి. 1907లో రోమ్‌లో కూలీల పిల్లల కోసం బడి నడిపిన మాంటిసోరి అనే డాక్టరమ్మ సామాన్లన్నీ పిల్లల చేతికందేలా పెట్టించిందని, 1939లో మద్రాసుకు కూడా వచ్చిందని చెప్పబోయాను. (ఇప్పుడు ఆమె పేరు బోర్డు మీదున్న బడి ఫీజు కూలీలకు అందదు, అది వేరే సంగతి.) "అందితె ఆగం చేస్తడు సారూ" అని నా పాఠం ఆపేశాడు. 48 రంగుల పెట్టె మీది కవరైనా చింపలేదు. చింపితే ఎండిపోతాయట.

చుట్టాలొస్తేనే గది తాళం తీస్తారు. చెవి నాయినమ్మ కొంగుకుంటుంది. మరి పిల్లవాడు? అరుగు మీద, నాయినమ్మ బీడీల చాట పక్కన. ఆమె తునికాకు కత్తిరిస్తుంటే పడే ముక్కలతో పిట్టలు చేస్తాడు, లారీలు చేస్తాడు. కట్టకు 25 బీడీలు. వెయ్యికి ఎన్ని కట్టలని అడిగాను. నాయినమ్మ నోరు తెరవకముందే 40 అన్నాడు. చదివేది రెండో తరగతి. బడిలో ఆ ఎక్కం ఇంకా మొదలే పెట్టలేదు.

గదిలో పాలు పొంగించిన రాత్రి, పిల్లవాడు భయమని ఏడ్చి నాయినమ్మ పక్కలోకి పోయాడు. బాపు ఒక్కడే ఉండిపోయాడు. కారు మంచంలో పడుకుని, కాళ్లు బయటికి చాపి, లైటార్పి కప్పు మీద చుక్కలు చూశాడు. "మస్తు నిద్ర వట్టింది సారూ" అన్నాడు పొద్దున. చుట్టీ అయిపోయేదాకా అక్కడే పడుకున్నాడు.

మొన్న పోయి చూస్తే కారు మంచం మీద రెండు బియ్యం సంచులున్నాయి.