అమ్మకు నిద్రపట్టే చోటు

అమ్మకు నిద్ర పట్టదు. తెనాలిలో ఉన్నప్పుడూ అంతే. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో గిన్నెలు సర్దుతుండేది. ఆరు నెలలు ఉండి వెళదామని నాన్నతో కలిసి మిషిగన్‌లో నా దగ్గరికి వచ్చాక, పగలూ రాత్రీ తారుమారై ఆ కాస్త కునుకూ కరువైంది.

అలాంటి మనిషి నా కారెక్కితే చాలు, పది మైళ్లు దాటకముందే కళ్లు మూసేసేది.

అది 2004 నాటి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. టర్బో ఇంజను. ఇంజను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకున్న రెండో చక్రం బయటిగాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయవి. వృథాగా పోయే పొగతోనే ఇంజనుకు బలం తెచ్చే ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ టర్బో పైపులన్నీ నా చేతులతోనే చేసుకోవాలని నాకు పెద్ద కోరిక.

లాన్సింగ్‌లో ఇంటి గరాజ్‌లోకి టిగ్ వెల్డింగ్ మిషనూ, ఆర్గాన్ సిలిండరూ తెచ్చుకున్నాను. నెల రోజులు తుక్కు ముక్కల మీదే చెయ్యి తిప్పాను. రెండు పైపుల అంచులు వెలుతురు కూడా దూరనంత దగ్గరగా కూర్చోవాలని, ముందు నాలుగు వైపులా చిన్న చిన్న ట్యాకులు వేసుకోకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి వంకర పోతుందని తెలుసుకున్నాను. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుందని చదివి, అసిటోన్ తప్ప మరొకటి ముట్టుకోలేదు. నా ఊపిరితిత్తుల గురించి అంత జాగ్రత్త పడ్డాను.

ముందు టర్బో నుంచి ఇంజనుకు గాలి మోసే పైపులు చేశాను. వాటిలో సూదిబెజ్జం ఉన్నా ఒత్తిడి తగ్గుతుంది, బలం పోతుంది. అందుకని రెండు కొసలూ బిగించి, లోపలికి గాలి కొట్టి, అతుకు అతుకుకీ సబ్బునీళ్లు రాసి చూశాను. ఒక్క బుడగ రాలేదు.

తర్వాత టర్బో నుంచి పొగను వెనక్కి తీసుకుపోయే పైపు. మూడంగుళాల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం. స్టెయిన్‌లెస్ పైపును బయటి నుంచి అతికేటప్పుడు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే కరిగిన లోహానికి వెనకవైపు గాలి తగిలి, మాడిన పాకంలా నల్లగా, గరుకుగా గడ్డకడుతుంది. అక్కడి వెల్డర్లు దాన్ని చక్కెర పట్టడం అంటారు. అలాంటి అతుకు వేడికీ అదురుకూ ఎక్కువ కాలం నిలవదు. ఇదీ చదివాను. కానీ ఆ రోజు సిలిండరు ముల్లు అడుక్కి వచ్చేసింది. బయట మాత్రం నాణేలు వరసగా పేర్చినట్టు, బంగారు నీలి రంగుల్లో అతుకు మెరిసిపోతోంది. పొగ పోయే పైపే కదా అనుకున్నాను. దీనికి సబ్బునీళ్లు రాయలేదు.

దారిలో ఉండే కాటలిటిక్ కన్వర్టరు పొగకు అడ్డమని దాన్ని కూడా తీసేశాను. అలా తీయడం అమెరికాలో చట్టవిరుద్ధం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు విరుగుడు ఆ డబ్బాయే. అది తెలిసే తీశాను.

ప్రతి శనివారం గంటసేపు ప్రయాణం చేసి నోవై వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లం. నేనొక్కణ్ణే ఉంటే ఇంజను చప్పుడు వినడానికి అద్దం కాస్త దించుకుని నడిపేవాణ్ణి. అమ్మకు ఆ చలి పడదు. అద్దాలన్నీ ఎక్కించి, హీటరు పెట్టేవాణ్ణి. వెనక సీట్లో శాలువా కప్పుకుని ఆమె ఒరిగిపోయేది.

నాన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూసి మురిసిపోయేవారు. "ఏ డాక్టరూ చెయ్యలేనిది నీ కారు చేసిందిరా. ఉయ్యాల కట్టావు మీ అమ్మకి."

గుడి మెట్ల దగ్గర అమ్మకు కాళ్లు తేలిపోయేవి. తల బరువంటుంది, వికారమంటుంది. శనివారం ఉపవాసం కదా, ఆమెకసలే రక్తం తక్కువ అనుకునేవాళ్లం. నాకూ కణతలు లాగేవి. వారమంతా చేసిన పని అలసట అనుకున్నాను. ఒకసారి నాన్న, "ఏదో పెట్రోలు వాసనరా" అన్నారు. "పాత బండి కదా నాన్నా" అన్నాను.

జనవరిలో ఒక శనివారం గుడి నుంచి తిరిగొస్తూ దారిలో దుకాణానికి వెళ్లాం. చలికాలం ఇంట్లో గ్యాసు హీటరు రాత్రంతా నడుస్తుంది. అమ్మా నాన్నా పడుకునే గదికి కార్బన్ మోనాక్సైడ్ అలారం కొన్నాను. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చునే చోటును దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టేసుకుంటుంది. రక్తం తక్కువున్న వాళ్ల మీదికి మరీ త్వరగా వస్తుంది. పెద్దవాళ్లున్న ఇల్లు, ముందు జాగ్రత్త మంచిదనిపించింది.

నాన్న కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కొత్త వస్తువు చేతికొస్తే ఆగలేరు. కారు కదలగానే పెట్టె విప్పి, బ్యాటరీలు వేసి, ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. వెనక అమ్మ అప్పటికే నిద్రలో ఉంది.

అరగంట గడిచింది. ఆ డబ్బా నాలుగుసార్లు చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఆగింది. మళ్లీ నాలుగు అరుపులు.

"కొత్తదే చెడిపోయినట్టుందిరా. తిరిగి ఇచ్చేద్దాం," అన్నారు నాన్న.

తల తిప్పి దాని అద్దంలోకి చూశాను. 170 అని ఉంది. ఇంట్లో ఉండవలసింది సున్నా.

కారును రోడ్డు వారకు లాగి ఇంజను కట్టేశాను. నాలుగు తలుపులూ బార్లా తీశాను. మంచుగాలి లోపలికి కొట్టింది. అంత అరుపుకీ, అంత చలికీ వెనక సీట్లో కదలిక లేదు.

"అమ్మా!" భుజాలు పట్టి కుదిపాను. "అమ్మా! లే అమ్మా!"

ఎంతసేపటికో కళ్లు తెరిచింది. నా మొహం ఆనడానికి ఇంకాస్త సేపు పట్టింది. ఆనాక నవ్వి, నా చెంప నిమిరింది.

"అప్పుడే లేపేశావేంరా? నువ్వు చేసిన ఈ కారులో తప్ప నాకింత నిద్ర ఇంకెక్కడ పడుతుంది నాన్నా?"