తిట్టడానికి కూడా మా మాటలే కావాలా?

ముఖ్యమంత్రిని తిట్టాలి. ఏమని తిట్టాలి? భారత రాష్ట్ర సమితి పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి ఒక మాట పట్టుకొచ్చారు. గుంపు మేస్త్రీ!

రేవంత్‌రెడ్డిది నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లి. పాలమూరు మనిషి. పాలమూరు అనగానే హైదరాబాద్ బంగళాలకు ఏం గుర్తొస్తుంది? పార, తట్ట, మేస్త్రీ. ఇంకేం, తిట్టు తయార్. పనిలో పనిగా ఢిల్లీలో ఉన్న ప్రధాని తాపీ మేస్త్రీ అయిపోయారు.

ముఖ్యమంత్రి ఏమన్నా తక్కువ తిన్నారా? 2024 జనవరిలో లండన్ పోయి మరీ బదులిచ్చారు. అవును, మేస్త్రీనే, మీకు గోరీ కట్టే మేస్త్రీని అనే అర్థంలో. జనం చప్పట్లు కొట్టారు. ఒకాయనకు మేస్త్రీ అంటే చులకన. ఇంకొకాయనకు మేస్త్రీ అంటే గోరీలు కట్టేవాడు. ఇల్లు కట్టేవాడు ఎవరికీ గుర్తు రాలేదు!

అసలు గుంపు మేస్త్రీ అంటే ఎవరో ఈ పెద్దలకు ఎరుకేనా? పంట పోయిన ఏడు ఊళ్లోకి దిగుతాడు. పెళ్లప్పు, బోరప్పు ఉన్న గడప చూసి మరీ తొక్కుతాడు. అడ్వాన్సు చేతిల పెడతాడు. ఆలుమగలను జత లెక్కన లారీ ఎక్కిస్తాడు. బొంబాయో, పూణెయో, ఏ గుజరాత్ కాలువ గట్టో. పిల్లలు అవ్వ దగ్గర. లెక్క మాత్రం ఏడాది తిరిగినా తెగదు. వెట్టి నిషేధ చట్టం వచ్చింది 1976లో. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది 1979లో. ఊరొదిలి పోయే కూలీకి స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని రాశారు. ఎంత? నెల కూలిలో సగం, లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. మళ్లీ వాపసు అడగొద్దని కూడా రాశారు. వనపర్తి బస్టాండులో మూట కట్టుకుని కూర్చున్న ఎవర్నయినా అడగండి, ఆ భత్యం ముట్టిందా అని. మీ మొహం చూసి నవ్వుతారు.

గుంపు మేస్త్రీ దేవుడేం కాదు. కమీషన్ మింగేవాడే. కానీ మీరు తిట్టింది ఆ కమీషన్‌ను కాదు కదా! ఆ పారను, ఆ చెమటను. 2009 నుంచి 2014 దాకా మా పాలమూరు ఎంపీ, అంటే మహబూబ్‌నగర్ ఎంపీ ఎవరు? భారత రాష్ట్ర సమితి అధినేత కేసీఆర్. లారీలెక్కిన ఆ జతల ఓట్లతోనే పార్లమెంటుకు పోయారు. ఇప్పుడు వాళ్ల పని పేరే ఆయన పార్టీకి తిట్టు. సిగ్గనిపించడం లేదా?

ఇదొక్కటే కాదు. 2024 ఏప్రిల్‌లో సిరిసిల్లలో కేసీఆర్ కాంగ్రెస్‌వాళ్లను ఏ మాటలతో సత్కరించారో రాష్ట్రమంతా విన్నది. ఎన్నికల సంఘం మే 1 రాత్రి నుంచి 48 గంటలు ఆయన ప్రచారం బంద్ పెట్టింది. ఆయన సంజాయిషీ ఏమిటి? అధికారులకు స్థానిక యాస సరిగా తెలియదట. అనువాదం తప్పట. వారెవ్వా! తప్పు నోటిది కాదు, యాసదట!

దశాబ్దాల పాటు సినిమావాళ్లు ఈ తెలంగాణ యాసను రౌడీకి, పనివాడికి, జోకర్‌కు ఇచ్చారు. కడుపు మండింది. కొట్లాడినం. రాష్ట్రం వచ్చింది. వస్తే ఏమైంది? అదే యాస ఇప్పుడు నాయకుల బూతులకు వకీలు. పేగులు మెడలో వేసుకుంటామంటారు, తొక్కుతామంటారు, బట్టలూడదీసి కొడతామంటారు. అడిగితే ‘మా తెలంగాణ మాట గంతే’ అని మీసం తిప్పుతారు. ఎవరి మాటండీ అది? కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డకు రండి. కొంచెం కన్నడం, కొంచెం కర్నూలు కలిసిన తెలుగు. గడపలోకి వచ్చినవాణ్ని ‘రాప్పా, కూసోప్పా’ అంటారు. శత్రువు వచ్చినా ముందు చెంబెడు నీళ్లిస్తారు, ఆ తర్వాతే తగాదా. ఈ యాస ఎప్పుడూ మీ మైకుల్లో ఎందుకు పలకదు?

ఇక చీర, గాజులు. 2024 సెప్టెంబరులో హుజూరాబాద్ ఎమ్మెల్యే పాడి కౌశిక్‌రెడ్డి విలేకరుల ముందు చీర, గాజులు పట్టుకుని ఊపారు. పార్టీ మారిన ఎమ్మెల్యేలకు కానుకట. మారినవారిలో గద్వాల ఎమ్మెల్యే కూడా ఉన్నారు. గద్వాలకు చీర పెట్టి అవమానిస్తారా? అయ్యా, ఆ ఊరు బతికేదే చీర మీద! ఒళ్లంతా నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, రెండూ కలిపే ఆ నేర్పు చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. బ్రహ్మోత్సవాలకు తిరుమల వెంకన్న కట్టుకునే జోడు పంచెలు పోయేది ఆ మగ్గాల మీంచే. ఢిల్లీ నుంచి అతిథి వస్తే ఇదే గద్వాల చీర పళ్లెంలో పెట్టి ఇస్తారు. ప్రత్యర్థి మీద కోపమొస్తే అదే చీర తిట్టు. తెల్లారి లేస్తే మహిళా సాధికారత మీద ఉపన్యాసం. చీర అంత సిగ్గుపడే వస్తువైతే ఎన్నికలప్పుడు ఇంటింటికీ ఎందుకు పంచుతారు?

తిట్లు కనీసం తిట్లని తెలుస్తాయి. మర్యాద మాటలున్నాయే, అవి ఇంకా మంట పుట్టిస్తాయి. ‘త్వరలో’. ‘యుద్ధ ప్రాతిపదికన’. ‘సస్యశ్యామలం’. రాజోలిబండ మళ్లింపు పథకం కింద మా వాటా 87,500 ఎకరాలు. చివరి ఆయకట్టు రైతును అడగండి, కాలువలో నీళ్లు చూసి ఎన్నేళ్లయిందో. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెనలో శంకుస్థాపన. 12.30 లక్షల ఎకరాలన్నారు. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్ దగ్గర మోటారు స్విచ్ నొక్కారు. ఎన్నికలకు రెండున్నర నెలల ముందు! ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ప్రభుత్వం మారింది. స్విచ్ నొక్కిన చేయి మారింది. ‘త్వరలో’ మాత్రం పదవి దిగలేదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అంటే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. ఎనిమిది మంది లోపల. ఎవరు వాళ్లు? జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఒకనాడు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది పాలమూరు లేబర్. ఇప్పుడు మా సొరంగం తవ్వడానికి ఇంకెవరో లేబర్. మంత్రులు హెలికాప్టర్లు దిగారు. ‘సహాయక చర్యలు ముమ్మరం’ అన్నారు. ఒక మృతదేహం, కొన్నాళ్లకు ఇంకొకటి బయటికొచ్చాయి. ఏప్రిల్ చివరికి వెతుకులాట ఆగింది. మిగిలిన ఆరుగురూ ‘గల్లంతు’. ఎంత సౌకర్యమైన మాట! చంపినవాడు లేడు, చచ్చినవాడు లేడు. నీళ్లలో బిందె పోయినట్టు మనుషులు పోయారు.

ఇదంతా పెద్దల సంగతి. చిన్న కుర్చీల సంగతి చూద్దామా? సోమవారం ప్రజావాణి, అంటే కలెక్టరేట్లో అర్జీల రోజు. 2022లో వనపర్తికి, 2023లో నాగర్‌కర్నూల్‌కు, గద్వాలకు కొత్త కలెక్టరేట్లు వచ్చాయి. అద్దాలు, లిఫ్టులు, పచ్చిక. డెబ్బై ఏళ్ల అవ్వ పింఛను కాగితం పట్టుకుని వరుసలో నిల్చుంటుంది. పాతికేళ్ల కంప్యూటర్ అబ్బాయి తల ఎత్తడు. ‘ఏయ్, చెప్తే సమజ్ గాదా? సర్వర్ డౌన్. రేపు రా.’ అవ్వ చేతులు జోడిస్తుంది. ‘సారూ, బస్సు కిరాయికి పైసల్లేవు సారూ.’ చూశారా? మనవడి వయసువాడు సారు. అవ్వ ఏయ్. లోపలికి పోతే కాగితం మీద ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి కింది టేబులుకు తోస్తారు. కింది టేబులు పక్క టేబులుకు. పక్క టేబులు, ‘పై నుంచి రావాలె’ అంటుంది. పైన అంటే ఎక్కడ? లిఫ్టులో పోవచ్చా?

బయట గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ప్రజాసేవే పరమావధి అని. లోపల ప్రజను ‘ఏయ్’ అంటారు.

సార్లూ, కృష్ణా నీళ్లు మీ చేతుల్లో లేవు, ఒప్పుకుంటాం. వచ్చే సోమవారం ఆ వరుస పక్కన నాలుగు కుర్చీలు వేయించండి. అవ్వను ‘కూసో అవ్వా’ అనండి. దానికి డీపీఆర్ అక్కర్లేదు. కేంద్రం అనుమతి అక్కర్లేదు. నీళ్ల పంపకం తేల్చే బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ముందు వాదించే పని లేదు. లేక దానికీ పై నుంచి రావాలెనా?