ప్రొఫైల్ పురప్రస్థానము

సీ డ్రైవ్ అనెడు జంబూద్వీపమున, యూజర్స్ అనెడు భరతఖండమున, మా బావగారి పేరిట వెలసిన సంస్థానమొకటి కలదు. అందు డెస్క్‌టాప్ అను రాచవీధి, డౌన్‌లోడ్స్ అను సంత, డాక్యుమెంట్స్ అను అగ్రహారము వచ్చేపోయే వారందరికీ కనబడుచుండును. కనబడని సీమ మరొకటి ఉంది. దాని పేరు యాప్‌డేటా. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూ తెరిచి ‘హిడెన్ ఐటమ్స్’ దగ్గర టిక్కు పెట్టిన పుణ్యాత్ములకు దక్క, అన్యులకు అది దర్శనమీదు. ఆ మాయాప్రాకారము దాటి, రోమింగ్ అను సింహద్వారము చొచ్చి, థండర్‌బర్డ్ అను పేట గడచి, ప్రొఫైల్స్ అను కోటలో అడుగిడినచో ఎదుట నిలుచును ఆ మహానగరము.

నగరం పేరు మాత్రం నోరు తిరగదు. 2004 డిసెంబరు 7న 1.0 వెర్షనుగా మొజిల్లా వారింట అవతరించిన ఈ థండర్‌బర్డ్, పూర్వాశ్రమంలో మినోటార్ అనే ఘనమైన పేరు మోసినదే. అయినా ఊళ్లకు పేర్లు పెట్టే విద్య దానికి అబ్బలేదు. తెరిచిన తొలిరోజునే తోచిన ఎనిమిది అక్షరాలూ అంకెలూ ఏరి, ఒక చుక్క పెట్టి, వెనక ‘డీఫాల్ట్ రిలీజ్’ అని తగిలిస్తుంది. మా బావ నగరం పేరు ‘క్యూ ఫోర్ జెడ్’ అని మొదలవుతుంది, మిగతాది చెప్పబోతే తుమ్ము వస్తుంది. అలాంటి ఊరికి ఆర్టీసీ వాళ్లు బస్సు వేస్తే బోర్డు రాసేవాడే రాజీనామా ఇస్తాడు.

ఇక పురజనులు. ప్రెఫ్స్ డాట్ జేఎస్ అను మహామంత్రి కలడు. ఏ ఖాతాకు ఏ సర్వరు, ఏ పోర్టు, ఉత్తరం అడుగున సంతకం ఎలా ఉండాలి, అన్నీ ఆయన నాలుక చివరనే. లాగిన్స్ డాట్ జేసన్ అను కోశాగారమున పాస్‌వర్డులు గూఢభాషలో నిక్షిప్తమై ఉండును. దాని తాళంచెవి కీ ఫోర్ డాట్ డీబీ అను వేరొక ఫైలు. వలసపోయేటప్పుడు ఒకరు బండెక్కి మరొకరు ఊళ్లో మిగిలిపోతే ఆ పెట్టెను బ్రహ్మ కూడా తెరవలేడు. చిరునామాల పుస్తకము ఏబుక్ డాట్ ఎస్‌క్యులైట్, పుట్టిన ప్రతి ఉత్తరాన్నీ పేరుతో సహా గుర్తుంచుకునే వెతుకులాటల కరణం గ్లోబల్ మెసేజెస్ డీబీ, వీరెల్లరును యథాస్థానముల కొలువుదీరి యుందురు.

వీరందరి నడుమ శయనించి ఉంటాడు ఇన్‌బాక్స్. వర్డు ఫైలుకు, ఎక్సెల్ ఫైలుకు వెనకాల ఏదో ఒక బిరుదు ఉంటుంది కదా, ఈయనకు ఏ బిరుదూ లేదు. ఒట్టి ఇన్‌బాక్స్. ఆరు జీబీల దేహము. ఆయన పాదాల చెంత ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్ అను బుల్లి వైతాళికుడు నిలబడి, లోపల ఎవరెవరున్నారో విషయసూచిక పఠిస్తుంటాడు. ఈ వైతాళికుడు మరణించినా భయం లేదు. మళ్లీ తెరిచేసరికి ఇన్‌బాక్స్ దేహంలోంచే కొత్తవాడు పుట్టుకొస్తాడు. ఇన్‌బాక్స్ పోతే మాత్రం వైతాళికుడు చదవడానికి ఏమీ మిగలదు.

ఆ మహాకాయుణ్ని ఎత్తి చూపే శక్తి నోట్‌ప్యాడ్‌కు లేదు. అందుకని ‘జీఎస్టీ’ అనే చిన్న ఫోల్డరు తాలూకు ఫైలును తెరిచి చూశాను. వేలాది ఉత్తరాలు గోడలూ గదులూ లేకుండా ఒకే పొడుగాటి పాఠంగా ఉన్నాయి. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతోందనడానికి ఆనవాలల్లా, పంక్తి మొదట ‘ఫ్రమ్’ అనే మాట, దాని పక్కన ఒక ఖాళీ. ఇది యూనిక్స్ కాలం నాటి ఆచారం, ఎంబాక్స్ అంటారు. ఆ తర్వాత ‘రిసీవ్డ్’ పంక్తులు. ఉత్తరం ఏ సర్వరు గడప తొక్కి ఏ సర్వరు చేతికి వచ్చిందో చెప్పే వంశావళి అది, కింది నుంచి పైకి చదువుకోవాలి. ఆపైన మూడు పంక్తుల విషయం: ‘సార్, ఫారం 16 జత చేశాను, చూడగలరు’. దాని వెంట జతపరచిన పీడీఎఫ్. పంక్తికి 76 అక్షరాల చొప్పున పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, కూడిక గుర్తులు, ఏటవాలు గీతలు కలగలిసి, యతీ ప్రాసా లేని దండకమై పుటల తరబడి సాగిపోయింది. మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మార్చి రాయడం ఆ దండకం ఛందస్సు. కాబట్టి బావకు వచ్చిన ప్రతి జతపత్రమూ నగరంలో అడుగుపెట్టేలోగా మూడోవంతు బలిసింది. ఆరు జీబీల దేహానికి ఆహారం ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

మా బావ తెనాలిలో ఆడిటరు. ఖాతా పీఓపీ పద్ధతిది. అంటే ఉత్తరం ఈ నగరానికి దిగగానే సర్వరులోని ప్రతి చెరిగిపోతుంది. ‘సర్వరులో కూడా ఉంచు’ అనే టిక్కును చోటు దండగని ఆయనే ఏనాడో తీసేశారు. కనుక పదిహేనేళ్ల క్లయింట్ల ఉత్తరాలకు భూలోకంలో ఉన్న ఏకైక నివాసం ఈ క్యూ ఫోర్ జెడ్ పురమే. జూలై నెల, రిటర్నుల జాతర. అట్టి వేళ ఆ ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు లోపలినుండి ‘టక్... టక్’ మని అపశకునధ్వని వినవచ్చెను.

బావ మాత్రం చలించలేదు. “అంతా మేఘంలోకి పోతూనే ఉంది కదోయ్, ఆ పచ్చ టిక్కు చూడు,” అన్నారు.

“అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌కి బావా. మీ మెయిళ్లు ఆ మూడింటిలో దేన్లోనూ లేవు. కోట గోడ అవతల ఉన్నాయి.”

ఆ మాటతో సభ స్తంభించెను. ఫ్యాను మాత్రము తిరుగుచుండెను.

నిజానికి అంతకుముందే ఒక దండయాత్ర జరిగి విఫలమైంది. 32 జీబీల పెన్‌డ్రైవ్ తెచ్చి, ఆరు జీబీల ఇన్‌బాక్స్‌ను అందులోకి లాగబోతే, ఫైలు మరీ పెద్దదని తలుపు మూసేసింది. చోటు లేక కాదు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 శాసనం కింద ఏలబడుతున్న రాజ్యం, అక్కడ నాలుగు జీబీలు దాటిన ఏ ఒక్క ఫైలుకూ ప్రవేశం లేదు. మూడు వంతులకు మించి ఖాళీగా ఉన్న ఊరు అతిథి ఎత్తు చూసి వెనక్కి పంపేసింది. బావ ఆ అవమానాన్ని షాపువాడి మీద వేసి ఊరుకున్నారు.

ఇప్పుడు మంత్రాలోచన. ఆ నగరాన్ని పెకలించి మేఘం ఫోల్డరులోనే ప్రతిష్ఠిస్తే సరిపోతుందని బావ పక్షం. నేను ఒప్పుకోలేదు. థండర్‌బర్డ్ తెరిచి ఉన్నంతసేపూ ఇన్‌బాక్స్ కదులుతూనే ఉంటాడు. ఒక్క ఉత్తరం వచ్చినా ఆయన తోక పెరుగుతుంది. మేఘదూతలేమో ఫైలు మారిన మరుక్షణం పట్టుకుపోదామని కాచుకు కూర్చుంటారు. ఒకరు రాస్తుండగా ఒకరు మోస్తే పైకి వెళ్లేది సగం రాసిన ఇన్‌బాక్స్. రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరిస్తే ఇన్‌బాక్స్ పక్కన ఒక మాయా ఇన్‌బాక్స్ వెలుస్తాడు, అసలువాడెవడో తేల్చే హనుమంతుడు ఎవరింట్లోనూ ఉండడు. అంతకన్నా ఘోరం మరొకటి. ఇక్కడ పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే మేఘుడు అక్కడా శ్రద్ధగా చెరిపేస్తాడు. ఆయనకు తెలిసిన ధర్మం అనుకరణే, రక్షణ కాదు.

(మేఘసందేశం ఊసు ఎవరో ఒకరు ఎత్తుతారని తెలుసు. ఆ యక్షుడు పంపింది ఒక్క సందేశం, దానికి పీడీఎఫ్‌లు జతచేయలేదు. పైగా ఈ మేఘం ఆకాశంలో ఉండేది కాదు, నేలమీద ఏసీ గదుల్లో ఉండేది. అమెజాన్ వారు 2022 నవంబరులో హైదరాబాదులోనే ఒక మేఘమండలం తెరిచారు.)

సంధి కుదిరింది. నగరం డీ డ్రైవ్‌లో ‘టపా’ అనే కొత్త ఫోల్డరుకు తరలాలి. బావ ల్యాప్‌టాప్‌లో డీ అంటే తర్వాత వేయించిన కొత్త డిస్కు, టక్‌టక్‌మన్నది సీ మాత్రమే. రాత్రి థండర్‌బర్డ్ నిద్రపోయాక ఆ టపా నకలు మాత్రమే, ఏ రోజుది ఆ రోజు తేదీ వేసి, మేఘం ఫోల్డరులోకి పోవాలి.

ప్రయాణానికి ముందు స్నానం. తొలగించిన ఉత్తరాలు నిజంగా పోవు, ‘చచ్చినవి’ అన్న గుర్తుతో ఇన్‌బాక్స్ పొట్టలోనే ఉంటాయి. కాంపాక్ట్ అనే క్రియ జరిపిస్తే గాని వాటికి ముక్తి లేదు. ఏళ్ల తరబడి ఎవరూ ఆ తద్దినం పెట్టలేదు. ఫోల్డరు మీద రైట్ క్లిక్ కొట్టి కాంపాక్ట్ అనగానే పండగ ఆఫర్లు, ఓటీపీలు, గృహరుణాల ఆహ్వానాలు, నైజీరియా రాకుమారుడు, మొత్తం ప్రేతసమూహం ఊర్ధ్వలోకాలకు ఎగసింది. ఆరు జీబీల దేహం నాలుగున్నరకు దిగింది. మేఘుడు ఉచితంగా ఇచ్చే చోటు ఐదు జీబీలే కనుక ఇది సౌందర్యం కోసం చేసిన పని కాదు. ఒక రోజు నకలుకే అది చాలు, తేదీలు పెరిగేసరికి నెలనెలా కప్పం కట్టక తప్పదని కూడా అప్పుడే చెప్పాను. ఆడిటరు గనుక రసీదు అడిగారు.

పిమ్మట రణము. థండర్‌బర్డ్‌ను మూసితిమి. మూసినను అది చావలేదు. నకలు తీయబోగా పేరెంట్ డాట్ లాక్ అను ద్వారపాలకుడు గద ఎత్తి నిలువరించెను. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, కిటికీ లేని థండర్‌బర్డ్ తెర వెనక ఇంకా ఊపిరి పీలుస్తోంది. ‘ఎండ్ టాస్క్’ అను బ్రహ్మాస్త్రమును నేను సంధించబోగా, “కాసేపు ఆగు, అదే పోతుందేమో,” అని బావ దయాళువై వారించిరి. నిజంగానే కాసేపటికి అదే పోయింది. బ్రహ్మాస్త్రం మిగిలింది.

అంతట నగరము కదలెను. ఆకుపచ్చని పట్టీ మెల్లమెల్లగ నిండుచుండ, ‘పన్నెండు నిమిషములు’ అని పలికిన విండోస్ జ్యోతిష్కుడు, మరునిముషమున ‘మూడు నిమిషములు’ అనెను, ఆవెంటనే ‘గంటా పది’ అనెను. ప్రబంధాలకు చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో ప్రయాణం ఒకటి కాబట్టి దీన్ని ఇంకా పెంచవచ్చు గాని, చూసిందంతా పట్టీయే. జలక్రీడ మాకు కుదరలేదు. మధుపానం బదులు అక్కయ్య టీ పంపింది. విప్రలంభానికి ఈ కథలో చోటు లేదనే అనుకున్నాను.

నగరం చేరింది. ఇక పౌరులు మారిన సంగతి ప్రభుత్వానికి తెలియాలి. ఆ దస్తావేజు పేరు ప్రొఫైల్స్ డాట్ ఐఎన్ఐ. నాలుగు ముక్కల ఫైలు. ‘పాత్’ అన్న చోట కొత్త చిరునామా రాయాలి, ‘ఇన్‌స్టాల్’ అన్న భాగంలో ‘డీఫాల్ట్’ ఎదుటా అదే రాయాలి. పాత నగరం పేరు వెనక ‘పాతది’ అని చేర్చమన్నాను. కొత్త ఊళ్లో దీపాలు వెలిగితే అవి కొత్త ఊరివేనని తేలాలి కదా. బావ అన్నీ రాసి, సేవ్ చేసి, ఇష్టదైవాన్ని తలచుకుని, నీలిపక్షి మీద రెండుసార్లు నొక్కిరి.

‘మీ ప్రొఫైల్ లోడ్ కాలేదు. అది లేదేమో, అందుబాటులో లేదేమో’ అని అర్థమొచ్చే పెట్టె ఒకటి తెర మధ్య వెలసెను.

బావ ముఖమున పదిహేను అసెస్‌మెంట్ సంవత్సరాలు ఒక్కసారిగా అస్తమించెను. “పోయాయా?” అన్నారు, గొంతులో తడి లేకుండా.

మళ్లీ ఐఎన్ఐ తెరిచాను. అంతా సరిగ్గానే ఉంది, ఒక్క పంక్తి తప్ప. ‘ఈజ్ రిలేటివ్ ఈక్వల్‌టు 1.’ చిరునామా పాత ఊరి పొలిమేర నుంచి కొలిచినదే అని ఆ ఒకటికి అర్థం. ఆ పక్షి పాపం యాప్‌డేటా లోపల డీ డ్రైవ్ కోసం వెతుకుతోంది.

“బావా, ఆ ఒకటిని సున్నా చెయ్యండి.”

“ఒకటిని సున్నా చెయ్యడమా?” అని ఆయన మౌసు వదిలేశారు. “ముప్పయ్యేళ్లుగా ఆ పని చేసినవాళ్లకి నోటీసులొస్తే జవాబులు రాస్తున్నానోయ్ నేను.”

“ఇది లెక్కల పుస్తకం కాదు.”

“ఏ పుస్తకమైనా. కారణం రాసి, పక్కన సంతకం లేకుండా అంకె మార్చకూడదు.”

ఆ వాగ్యుద్ధమును విస్తరభీతిచే విడిచిపెట్టుచున్నాను. ఐఎన్ఐ ఫైలుకు ఒక నకలు తీసి, దానికి తేదీ వేసి, ‘దిద్దుబాటుకు ముందు’ అని పేరు పెట్టాక గాని ఆయన శాంతించలేదు. (ఈ పని నేను చెప్పాల్సింది. ఆయన ఆడిటరు కాబట్టి చేశారు.) తరువాత చూపుడువేలితో ఒకటిని చెరిపి, ఆ స్థానమున పూర్ణచంద్రబింబమువంటి సున్నను నిలిపిరి.

పక్షి రెక్క విదిల్చెను. ఎడమవైపు ఫోల్డర్లు ఒక్కటొక్కటిగా మేలుకొనెను. జీఎస్టీ మేలుకొనెను, టీడీఎస్ మేలుకొనెను, ‘అర్జెంట్’ అను ఫోల్డరు ఎప్పటివలెనే ఎవరికీ పట్టక పడియుండెను.

ఆ రాత్రే రోబోకాపీతో రెండు పంక్తుల బ్యాచ్ ఫైలు రాసి, అద్దంపట్టే ‘మిర్’ అన్న మాటను అందులోకి రానివ్వకుండా, నకలు మేఘానికి ఎక్కించాం. తెల్లారేసరికి ఎక్కింది. అయితే తిరిగి దించి చూడని నకలును నేను నకలనను. కాబట్టి మేఘంలోని టపాను అక్కయ్య ల్యాప్‌టాప్‌లోకి దించి, అక్కడ థండర్‌బర్డ్ వేసి, ఐఎన్ఐకి కొత్త చిరునామా చూపించాం. అక్షరం పొల్లుపోకుండా తెరుచుకుంది. పాస్‌వర్డు కూడా అడగలేదు. కోశాగారమూ తాళంచెవీ జంటగా ప్రయాణం చేశాయి మరి. ప్రైమరీ పాస్‌వర్డు అనే రెండో తాళం వేయాల్సిందని నేను బావకు వివరిస్తున్నాను.

అక్కయ్య అప్పటికే సెర్చ్ పెట్టెలో ఏదో కొట్టింది.

“ఏమండీ, 2016లో మాల్దీవులకి ఇద్దరికి ప్యాకేజీ ఎంతవుతుందని ఎవర్నో అడిగారు. ఆ రెండోవాళ్లు ఎవరు?”

“నువ్వే. పెళ్లిరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దామని. రేటు చూసి ఊరుకున్నాను.”

“ఎంతేమిటి?”

బావ చెప్పారు. ఆ అంకె విన్నాక, ‘ఎవరు’ అన్న ప్రశ్న కన్నా ‘ఊరుకున్నాను’ అన్న జవాబే పెద్ద నేరమైంది. కథలో చోటు లేదనుకున్న విప్రలంభం, పరుపూ దిండూ హాల్లోకి రావడంతో, సలక్షణంగా నడిచింది.