గురజాడగా వెళ్తే గిరీశంగా పంపిస్తారు

విజయనగరం చుట్టుపక్కల గురజాడ వేషం కట్టడం కన్నా మయసభలో దుర్యోధనుడి వేషం కట్టడం సుఖం. దుర్యోధనుడి తరఫువాళ్లెవరూ ముందు వరసలో కూర్చోరు. గురజాడ అప్పారావు గారి సంగతి అలా కాదు. సెప్టెంబరు 21న జయంతి సభకు వచ్చిన ప్రతివాడికీ ఆయన ఎంతో కొంత సొంతం. ఇల్లు మా వీధికి దగ్గరని విజయనగరం వాళ్లంటారు. 1862లో పుట్టింది మా ఊళ్లో కదా అని ఎస్.రాయవరం వాళ్లంటారు. మధ్యలో అంటించిన మీసంతో నిలబడేది మన ఏకపాత్రధారి, రిటైరైన తెలుగు మాస్టారు.

మాస్టారికి మొదటి చిక్కు కథతోనే. కాలేజీలో పాఠాలు చెప్పడం, ఆనందగజపతి సంస్థానంలో శాసనాలు పరిశీలించడం, 1897లో ఆ రాజు పోయాక రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా జమీందారీ దావా చూసుకోవడం, నడుమ జబ్బు పడడం, డైరీ రాసుకోవడం: మహాకవి జీవితం ఇది. దావా కాగితాలు సర్దడాన్ని అభినయించి చప్పట్లు కొట్టించుకున్న నటుడు ఇంకా పుట్టలేదు.

అందుకని మాస్టారు గొంతు పెంచుతారు. మనవాళ్ల చెవికి ఏకపాత్రాభినయం అంటే 1977 నాటి 'దాన వీర శూర కర్ణ'లో రామారావు గారి దుర్యోధనుడే. స్కూలు వార్షికోత్సవాల్లో తరతరాల పిల్లలు అట్ట గద భుజాన వేసుకుని నేర్చుకున్నది ఆ వరసే. దాంతో వాడుకభాష కోసం 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిచ్చిన మనిషి, వేదికెక్కి భార్యను మంచినీళ్లు అడగాలన్నా సమాసాలు దొర్లిస్తాడు. గ్రాంథికవాదులకు ఇంతకన్నా పెద్ద గెలుపేముంది?

అయినా జనం ఓపిగ్గానే వింటారు. వాళ్లు ఎదురుచూసేది వేరొకరి కోసం.

"మాస్టారూ, అంతా బాగుంది గానీ, చుట్టేదండీ?" అని వెనకనుంచి ఒక కేక.

"నేను గురజాడనయ్యా!"

"అవునండీ, చుట్ట ముట్టించండి మరి!"

ముందు వరసలో ఒక మామ్మగారికి ఇంకో సందేహం. "మధురవాణి ఎప్పుడొస్తాది బాబూ?" ఒక్కరే ఆడే నాటకమని పక్కావిడ సర్దిచెబితే, "ఒక్కడే ఏటాడతాడు, పాపం!" అని జాలిపడ్డారు.

వాళ్లను తప్పుపట్టడానికి లేదు. 'కన్యాశుల్కం' తెర లేచేదే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర, గిరీశం ఒక్కడే తనలో తాను మాట్లాడుకుంటుండగా. అంటే ఈ ఊరికి మొట్టమొదటి ఏకపాత్రాభినయం అప్పారావు గారే రాసిపెట్టి పోయారు. 1892 నుంచి ఇక్కడ ఆ నాటకం ఆడుతూనే ఉన్నారు. గిరీశంగా జె.వి. రమణమూర్తినీ, రామప్పపంతులుగా ఆయన అన్నగారు, 'శంకరాభరణం' సోమయాజులునీ చూసిన కళ్లు సభలో ఇంకా ఉన్నాయి. సినిమా చూసినవాళ్లకు 1955 నాటి ఎన్టీఆర్ గిరీశం ఉండనే ఉన్నాడు. ఇంతమంది గిరీశాల మధ్య అసలు రచయిత వచ్చి నిలబడితే, పెళ్లికొడుకు పక్కన పురోహితుణ్ని చూసినట్టు చూస్తారు.

ఈ మధ్య నిర్వాహకుల నుంచి కొత్త బెడద. 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో గురజాడ దేశభక్తి గీతాన్ని తలుచుకున్నారు. నిజానికి ఆ పాటలో ఏ దేశం పేరూ లేదు, ఎవరు పాడుకున్నా వాళ్ల దేశానికి సరిపోతుంది. కానీ పార్లమెంటులో వినిపించాక ఫ్లెక్సీ మీద 'జాతీయ మహాకవి' అని అచ్చయింది.

"ఆ బడ్జెట్ ముక్క కూడా కలపండి మాస్టారూ," అన్నారు కార్యదర్శిగారు.

"1915లో పోయిన మనిషి 2025 బడ్జెట్ గురించి ఎలా మాట్లాడతాడండీ?"

"కవులు క్రాంతదర్శులు గదండీ!"

మాస్టారి దగ్గర దీనికి జవాబు లేదు. కలిపారు. చప్పట్లు అక్కడే ఎక్కువ పడ్డాయి. ఆ ఊపులో చెయ్యెత్తి పాట అందుకోబోతుంటే, ఉక్కపోతకు స్పిరిట్ గమ్ కరిగి కుడి మీసం కిందికి జారింది. మాస్టారు దాన్ని వేలితో అదిమిపట్టి పాడారు. అది ఆలోచనాముద్ర అనుకుని ఫొటోగ్రాఫరు గబగబా నాలుగు తీసుకున్నాడు. మర్నాడు స్థానిక ఎడిషన్‌లో పడ్డది అదే.

చివరికి ఎవరో కుర్రాడు చుట్ట తెచ్చి ఇవ్వనే ఇచ్చాడు. మాస్టారు గిరీశమై బొంకులదిబ్బ నుంచి అందుకునేసరికి హాలు లేచి కూర్చుంది. అదివరకు నోరు మెదపని వాళ్లు కూడా మాస్టారి కన్నా ఒక మాట ముందే అందిస్తున్నారు. సమాసాలు ఎటు పోయాయో, మాస్టారి నోట మొదటిసారి మామూలు తెలుగు వచ్చింది.

శాలువా కప్పాక కార్యదర్శిగారు చెవిలో అన్నారు: "ఏప్రిల్‌లో శ్రీశ్రీ జయంతికి కూడా మీరే రావాలి మాస్టారూ. చుట్ట బదులు సిగరెట్ పట్టుకుంటే చాలు. మీసం ఖర్చు కూడా ఉండదు."