గుచ్చితే చాలట!

కెమెరా అట్టపెట్టె మీద రాసింది నమ్మితే లోకంలో కష్టాలే లేవు. కేబుల్ ఒక కొస కెమెరాకీ రెండో కొస లాప్‌టాప్‌కీ గుచ్చితే చాలట, తీసిన ఫొటో తీసినట్టే పెద్ద తెర మీద ప్రత్యక్షమవుతుందట. పట్టుచీరల క్యాటలాగ్ తీయించుకుంటున్న షోరూమ్ యజమాని పక్కనే కూర్చుని, ‘జరీ మెరవడం లేదయ్యా’ అంటే అక్కడికక్కడే లైటు జరుపుకోవచ్చు. దీని పేరే టెథరింగ్. ఆలోచన బంగారం. తీరా ఆయన వచ్చి కూర్చున్నాక తెర మీద కనిపించేది మాత్రం ‘నో కెమెరా డిటెక్టెడ్’!

పాపం, కెమెరాకీ కంప్యూటర్‌కీ మాట్లాడుకోవడానికి భాష లేదేమో అనుకునేరు. భేషుగ్గా ఉంది. పీటీపీ అంటారు, ఐఎస్ఓ 15740 అని నంబరు కూడా వేశారు. కంపెనీలన్నీ దానికి బుద్ధిగా తలూపాయి. ఊపుతూనే, ‘ఎవరికి కావలసిన ఆదేశాలు వాళ్లు అదనంగా చేర్చుకోవచ్చు’ అన్న వెసులుబాటును పట్టుకున్నాయి. ఫొటోలు దించుకోవడం వరకూ ఉమ్మడి. లైవ్ వ్యూ, ఫోకస్ జరపడం లాంటి అసలు పనులు చాలావరకు ఎవరి గుప్తభాషలో వాళ్లవి. దాంతో సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఒక్కో మోడల్ దగ్గరా మళ్లీ ఓనమాలు దిద్దాలి. ఫొటోలు దిద్దే ప్రోగ్రాము లైట్‌రూమ్ 3 2010లోనే టెథరింగ్ తెచ్చినా, సోనీ కొన్నవాళ్లు అందులో ఆ వరం కోసం పదేళ్లకు పైగా తపస్సు చేశారు. నికాన్ అయితే తన కెమెరాను కంప్యూటర్ నుంచి నడిపే ప్రోగ్రామును ఏళ్ల తరబడి విడిగా అమ్ముకుంది. లక్షలు పోసి కొన్న కెమెరాను పలకరించాలంటే మళ్లీ దక్షిణ సమర్పించాలన్నమాట! తర్వాతెప్పుడో ఎన్ఎక్స్ టెథర్ అనే ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చి పుణ్యం కట్టుకుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ చేసే ఉపకారం ఇంకో రకం. మనం కెమెరా గుచ్చేది దాన్ని నడిపే జీఫొటో అనే ప్రోగ్రాము కోసం. కానీ రైలు దిగీ దిగకముందే సూట్‌కేసు లాక్కునే ఆటోవాలాలా, లినక్స్ డెస్క్‌టాప్ ముందే దాన్ని మౌంట్ చేసి కూర్చుంటుంది. జీఫొటోకి మిగిలేది ‘పరికరం దొరకడం లేదు’ అన్న ఏడుపు. మ్యాక్‌లోనూ ఇదే తంతు. అక్కడ కెమెరాను పట్టుకున్న ప్రోగ్రామును చంపినా మళ్లీ పుడుతుంది. 2019లో ఆపిల్ కాటలీనా అనే కొత్త మ్యాక్ సిస్టమ్‌ను విడుదల చేసి 32 బిట్ ప్రోగ్రాములన్నిటికీ ఒక్కరోజే తద్దినం పెట్టింది. పాత టెథరింగ్ ప్రోగ్రాములు కొన్ని ఆ పంక్తిలోనే లేచిపోయాయి. కెమెరాకి చిన్న గీత కూడా పడలేదు, అయినా పనికిరాకుండా పోయింది.

కేబుల్ సంగతి ఎక్కువ చెప్పను. మినీ, మైక్రో, సీ అంటూ మూతులు మారుతూనే ఉంటాయి. యూఎస్‌బీ 2.0 తీగ మామూలుగా 5 మీటర్లు దాటకూడదు. కొన్ని తీగలైతే చార్జింగ్‌కే తప్ప ఫొటోకి దారివ్వవు. ఆ సంగతి వాటి మీద రాసి ఉండదు.

ఇదంతా సాంకేతిక సంక్లిష్టత అని కంపెనీలు గంభీరంగా సెలవిస్తాయి. సరే, 2020 గుర్తు తెచ్చుకోండి. కరోనాతో జనం ఇళ్లలో కూర్చుని వీడియో మీటింగుల్లో పడ్డారు. ఏప్రిల్‌లో కానన్, తర్వాత కొద్ది నెలల్లోనే ఫుజీ, నికాన్, సోనీ, అదే యూఎస్‌బీ కేబుల్‌తో కెమెరాను వెబ్‌క్యామ్‌గా మార్చే ప్రోగ్రాములను ఉచితంగా ఇచ్చేశాయి. అప్పటికే జనం దగ్గరున్న కెమెరాలకే! ఆ సంక్లిష్టత ఆ కొద్ది నెలల్లోనే ఎటు పోయింది? చేతకాక కాదు, చేయక.

కెమెరా కొనబోయేవాళ్లకు ఒక మాట. మెగాపిక్సెళ్లు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు. మీ లాప్‌టాప్, మీ కేబుల్ చంకన పెట్టుకుని షాపుకి వెళ్లండి. కౌంటర్ మీదే గుచ్చి, ఒక్క ఫొటో తెర మీదికి రప్పించమనండి. ‘ఇంటికెళ్లి అప్‌డేట్ చేసుకోండి సార్, అదే వచ్చేస్తుంది’ అన్నారా, వచ్చాకే డబ్బు కడతానని చెప్పి లేచి వచ్చేయండి.