ఉంగరాల అన్న

తుక్కుగూడలో భూముల బేరాలు కుదిర్చే మనిషిని గుర్తుపట్టాలంటే ముఖం చూడనక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. చూపుడు వేలికి గురుడి పుష్యరాగం, నడిమి వేలికి శని నీలం, ఉంగరపు వేలికి సూర్యుడి కెంపు, చిటికెన వేలికి బుధుడి పచ్చ. బొటనవేళ్లు మాత్రం ఖాళీ. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వాటితో పనుంటుంది కదా!

కెంపు కుడిచేతికి, నీలం ఎడమచేతికి. ఎందుకన్నా అంటే, "సూర్యుడు తండ్రి, శని కొడుకు. ఇద్దరికీ పడది తమ్మీ. ఒక్క చేతికే పెడితే కుదిరిన బేరం గూడ కోర్టుకు పోతది" అంటాడు. ఆ రెండూ ఒకే ఖనిజమని చెబితే పాపం ఏమైపోతాడో! కురువిందం అని దాని పేరు. ఇంగ్లీషువాళ్ల 'కోరండం' మన దక్షిణాది మాటలోంచి పోయిందే. అందులో పిసరంత క్రోమియం చేరితే కెంపు, ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. సర్వే నంబరు ఒక్కటే, పట్టాలు రెండు.

కేతువు కోసం పెట్టుకున్న వైడూర్యం కథ ఆయనకు బాగా నచ్చింది. ఆ మాట ప్రాకృతం మీదుగా గ్రీకులకు చేరి బెరిల్లోస్ అయింది, అందులోంచే జర్మన్లు కళ్లజోడుకు 'బ్రిల్లె' అన్న పేరు తెచ్చుకున్నారు. వినగానే అన్న జేబులోని కళ్లద్దాలు తీసి కళ్లకద్దుకున్నాడు. "అయితే దీనికి గూడ కేతువే కాపలా!"

పుష్యరాగాన్ని మనవాళ్లు కొందరు టోపాజ్ అనేస్తారు. టోపాజియోస్ అనే ఎర్రసముద్రపు దీవి పేరు మీద వచ్చిందా మాట. తీరా ఆ దీవిలో తవ్వితే దొరికేది ఆకుపచ్చని పెరిడాట్. బ్రోచర్‌లో ఒకటి, భూమిలో ఇంకొకటి. ఇది విని అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "గా దీవిల వెంచర్ ఏసినోడు మనోడే అయ్యుంటడు" అన్నాడు. 'ఎయిర్‌పోర్ట్ వ్యూ' అని బోర్డు పెట్టి, తల వెనక్కి వాల్చి పైకి చూడమనే మనిషి అనకపోతే ఇంకెవరంటారు?

అన్నకు అసలు దేవుడు అలెగ్జాండర్ జాకబ్. 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పెద్ద వజ్రం బేరం పెట్టిన వ్యాపారి. బేరం చెడి కలకత్తా హైకోర్టు దాకా పోయింది, జాకబ్ నిర్దోషిగా బయటపడ్డా వ్యాపారం దెబ్బతింది. రాయి మాత్రం చివరికి నిజాంకే చేరింది. తర్వాత ఏడో నిజాం ఆ 184.75 క్యారట్ల వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడు. అయినా దాని పేరు నిజాం వజ్రం కాదు, జాకబ్ వజ్రం. "సూసినవా తమ్మీ, కొన్నోని పేరు గాదు, బేరం జేసినోని పేరు నిలిచింది!"

తుక్కుగూడలో ప్లాటు కొనబోతున్నవారికి ఒక్క మాట: అన్న వేళ్లకేసి చూడకండి. ఈసీ, లింకు దస్తావేజులు అడగండి.